ల్యాప్‌టాప్ కెమెరా ఉన్నట్టుండి మాయమైందా..? సర్వీస్ సెంటర్‌కు పరుగెత్తే ముందు ఈ వరుసలో చెక్ చేయండి

నిన్నటి వరకు బాగానే పనిచేసిన ల్యాప్‌టాప్ కెమెరా ఒక్కసారిగా ‘నో కెమెరా ఫౌండ్’ అంటోందా..? కంగారు పడాల్సిన పని లేదు. చాలాసార్లు సమస్య కెమెరాలో ఉండదు.. ఓ చిన్న స్విచ్‌లోనో, సెట్టింగ్‌లోనో, డ్రైవర్‌లోనో ఉంటుంది. ఏది ముందు చూడాలి.. ఏది తర్వాత చూడాలి.. ఎప్పుడు మెకానిక్ దగ్గరకు వెళ్లాలి.. పూర్తి వివరాలు ఇవే..

ఆన్‌లైన్ ఇంటర్వ్యూలు, వర్క్ ఫ్రమ్ హోమ్ మీటింగ్‌లు, విదేశాల్లో ఉన్న పిల్లలతో వీడియో కాల్స్.. ఇప్పుడు ల్యాప్‌టాప్ కెమెరా లేకపోతే పని ఆగిపోయే పరిస్థితి. ఇంటి నుంచే జీఆర్ఈ, టోఫెల్ రాసే విద్యార్థులకైతే కెమెరా లేకపోతే పరీక్షే మొదలవ్వదు. సరిగ్గా అవసరమైన టైమ్‌కే కెమెరా మొరాయిస్తే ఏం చేయాలో తోచక చాలామంది దొరికిన బటన్ అల్లా నొక్కేస్తుంటారు. దాంతో చిన్న సమస్య కాస్తా పెద్దదవుతుంది. అలా కాకుండా ఒక పద్ధతి ప్రకారం వెళ్తే తప్పు ఎక్కడుందో తేలిగ్గానే తెలిసిపోతుంది.

ఈ పేజీని ఫోన్‌లో ఓపెన్ చేసి పక్కన పెట్టుకుని, ల్యాప్‌టాప్‌లో ఒక్కో స్టెప్ చేసుకుంటూ వెళ్లండి. మధ్యలో రీస్టార్ట్ చేయాల్సి వచ్చినా ఇబ్బంది ఉండదు.

ముందు ఈ తేడా తెలుసుకోండి

కెమెరా ‘పనిచేయకపోవడం’ వేరు.. కెమెరా ‘కనిపించకపోవడం’ వేరు. వీడియో కాల్‌లో నల్లటి స్క్రీన్ వచ్చి, కెమెరా పక్కన చిన్న లైట్ వెలుగుతోందంటే కెమెరా కంప్యూటర్‌కు కనిపిస్తున్నట్టే. అడ్డంగా ఏదో ఉండొచ్చు. అదే ‘కెమెరా కనెక్ట్ అయి లేదు’ అన్న మెసేజ్ వచ్చి, లైట్ అసలు వెలగకపోతే మాత్రం కథ వేరు. కెమెరా ఉందన్న సంగతే కంప్యూటర్‌కు తెలియడం లేదన్నమాట.

విండోస్‌లో ఉండే కెమెరా యాప్‌ను ఓపెన్ చేస్తే ఈ తేడా చాలా వరకు తెలుస్తుంది. అక్కడ వచ్చే ఎర్రర్ కోడ్‌ను నోట్ చేసుకోండి.

– 0ఎక్స్‌ఏ00ఎఫ్4244 అని వస్తే.. విండోస్‌కు ఒక్క కెమెరా కూడా దొరకలేదని అర్థం.
– 0ఎక్స్‌ఏ00ఎఫ్4243 అని వస్తే.. కెమెరా ఉంది, కానీ వేరే యాప్ దాన్ని వాడుకుంటోందని అర్థం.

రెండో కోడ్ వస్తే సగం టెన్షన్ తగ్గినట్టే. జూమ్, టీమ్స్, వాట్సాప్, బ్రౌజర్‌లోని మీటింగ్ ట్యాబ్‌లు.. అన్నీ క్లోజ్ చేసి మళ్లీ ట్రై చేయాలి. క్లోజ్ చేశామనుకున్నా కొన్ని యాప్‌లు గడియారం పక్కన ఉండే చిన్న ఐకాన్‌లలో దాక్కుని నడుస్తుంటాయి. అక్కడ కూడా రైట్ క్లిక్ చేసి క్విట్ కొట్టాలి.

అసలు లోపల కెమెరా ఎలా కనెక్ట్ అయి ఉంటుంది?

ఇది తెలిస్తే మిగతా స్టెప్స్ ఎందుకు చేస్తున్నామో ఈజీగా అర్థమవుతుంది. ఎక్కువ ల్యాప్‌టాప్‌లలో స్క్రీన్ పైన ఉండే కెమెరా లోపల యూఎస్‌బీ ద్వారానే మదర్‌బోర్డుకు కనెక్ట్ అయి ఉంటుంది. అంటే బయట పెట్టే వెబ్‌క్యామ్ లాంటిదే.. కాకపోతే వైరు లోపల ఉంటుంది. స్క్రీన్ అంచు నుంచి బయలుదేరిన ఆ సన్నటి కేబుల్ కీలు మీదుగా కిందికి వెళ్తుంది. మూత తెరిచి మూసిన ప్రతిసారీ అది వంగుతుంది.

ఇలాంటి కెమెరాలకు ప్రత్యేకంగా కంపెనీ డ్రైవర్ అక్కర్లేదు. విండోస్‌లోనే ‘యూఎస్‌బీ వీడియో డివైజ్’ అనే కామన్ డ్రైవర్ ఉంటుంది. అయితే ఈమధ్య వస్తున్న కొన్ని పలచటి, ఖరీదైన మోడళ్లలో కెమెరాను యూఎస్‌బీతో కాకుండా నేరుగా ప్రాసెసర్‌కు కలుపుతున్నారు. వీటికి మాత్రం కంపెనీ ఇచ్చే డ్రైవర్లు కచ్చితంగా ఉండాలి. ఫార్మాట్ కొట్టి విండోస్ కొత్తగా వేసిన తర్వాత కెమెరా మాయమైందంటే ముందుగా అనుమానించాల్సింది దీన్నే.

స్టెప్ 1: స్విచ్, షట్టర్, కీబోర్డ్ బటన్

వినడానికి సిల్లీగా ఉన్నా, మొదట చూడాల్సింది ఇదే. ల్యాప్‌టాప్ కంపెనీలు ప్రైవసీ కోసం కెమెరాను ఆపేసే ఏర్పాటు రెండు రకాలుగా ఇస్తున్నాయి.

మొదటిది కెమెరా మీద జరిపే చిన్న మూత. ఇది మూసి ఉంటే కెమెరా కనిపిస్తుంది.. కానీ చిత్రం నల్లగా వస్తుంది. రెండోది ఎలక్ట్రానిక్ స్విచ్. కొన్ని లెనోవో, హెచ్‌పీ మోడళ్లలో ల్యాప్‌టాప్ పక్క అంచున చిన్న స్విచ్ ఉంటుంది. దీన్ని ఆఫ్ చేస్తే కెమెరాకు కనెక్షనే తెగిపోతుంది. దాంతో విండోస్‌లో కెమెరా ఉన్న ఆనవాలే ఉండదు. డ్రైవర్ ఎన్నిసార్లు వేసినా ఉపయోగం లేదు. బ్యాగ్‌లో పెట్టేటప్పుడు ఈ స్విచ్ దానంతటదే జరిగిపోయే అవకాశం కూడా ఉంది.

ఇక కీబోర్డ్ పై వరుసలో కెమెరా బొమ్మ, దాని మీద అడ్డగీత ఉన్న బటన్ ఏదైనా ఉందేమో చూడండి. ఎంఎస్ఐ ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్, ఎఫ్6 కలిపి నొక్కితే కెమెరా ఆన్, ఆఫ్ అవుతుంది. అసుస్‌లో చాలా మోడళ్లకు ఎఫ్10 మీద ఈ గుర్తు ఉంటుంది. మోడల్‌ను బట్టి బటన్ మారుతుంది కాబట్టి నంబర్ కన్నా బొమ్మనే నమ్ముకోవాలి. ఒకసారి మామూలుగా నొక్కి చూడండి. కాకపోతే ఎఫ్ఎన్ పట్టుకుని నొక్కండి.

లెనోవో వాళ్లు ‘వాంటేజ్’ యాప్‌లో కెమెరా ప్రైవసీ మోడ్ ఆన్‌లో ఉందేమో కూడా చూసుకోవాలి.

స్టెప్ 2: షట్‌డౌన్ కాదు.. రీస్టార్ట్ చేయండి

‘నేను ఆఫ్ చేసి ఆన్ చేశాను, అయినా రాలేదు’ అని చాలామంది అంటుంటారు. ఇక్కడే ఒక మెలిక ఉంది. విండోస్ 10, 11లో ఫాస్ట్ స్టార్టప్ అనే ఫీచర్ ఉంటుంది. ఇది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కొట్టినా సిస్టమ్ పూర్తిగా ఆగదు. కొంత భాగాన్ని అలాగే సేవ్ చేసుకుని, మళ్లీ ఆన్ చేసినప్పుడు అక్కడి నుంచే మొదలుపెడుతుంది. అంటే డ్రైవర్‌లో వచ్చిన తికమక కూడా అలాగే కొనసాగవచ్చు. రీస్టార్ట్ కొడితే మాత్రం అంతా మొదటి నుంచి లోడ్ అవుతుంది. అందుకే రీస్టార్ట్ చేయాలి.. లేదంటే షిఫ్ట్ కీ పట్టుకుని షట్‌డౌన్ కొట్టాలి.

అప్పటికీ రాకపోతే పవర్ డ్రెయిన్ చేయండి. ల్యాప్‌టాప్ పూర్తిగా ఆఫ్ చేసి, చార్జర్ పీకేసి, పెన్‌డ్రైవ్, మౌస్ లాంటివన్నీ తీసేయాలి. బ్యాటరీ బయటకు వచ్చే పాత మోడల్ అయితే అదీ తీసేయాలి. తర్వాత పవర్ బటన్‌ను 30 సెకన్ల పాటు నొక్కి పట్టుకోవాలి. ఓ నిమిషం ఆగి, చార్జర్ పెట్టి ఆన్ చేయాలి. లోపల యూఎస్‌బీ సర్క్యూట్‌లో నిలిచిపోయిన కరెంట్ పోయి, స్టక్ అయిన కెమెరా మళ్లీ దొరికే అవకాశం ఉంటుంది. ముఖ్యంగా స్లీప్ మోడ్ నుంచి లేచాక కెమెరా మాయమైన వాళ్లకు ఈ చిట్కా బాగా పనిచేస్తుంది.

స్టెప్ 3: పర్మిషన్లు చూడండి

విండోస్ 11లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో కెమెరా ఓపెన్ చేయాలి. విండోస్ 10 అయితే సెట్టింగ్స్, ప్రైవసీ, కెమెరా. ఇక్కడ మూడు స్విచ్‌లు ముఖ్యం.

– ‘కెమెరా యాక్సెస్’.. ఇది ఆఫ్‌లో ఉంటే కంప్యూటర్‌లో ఎవరికీ కెమెరా రాదు.
– ‘లెట్ యాప్స్ యాక్సెస్ యువర్ కెమెరా’.. ఇది స్టోర్ నుంచి వేసుకున్న యాప్‌లకు.
– ‘లెట్ డెస్క్‌టాప్ యాప్స్ యాక్సెస్ యువర్ కెమెరా’.. క్రోమ్, జూమ్ లాంటి వాటికి. చాలామంది చూడకుండా వదిలేసేది దీన్నే.

కెమెరా యాప్‌లో ముఖం కనిపిస్తూ, గూగుల్ మీట్‌లో మాత్రం రావడం లేదంటే తప్పు బ్రౌజర్‌లో ఉన్నట్టే. అడ్రస్ బార్ పక్కన ఉండే ఐకాన్ నొక్కి ఆ సైట్‌కు కెమెరా ‘అలో’లో ఉందో లేదో చూడాలి. మొదటిసారి అడిగినప్పుడు పొరపాటున ‘బ్లాక్’ కొట్టి ఉంటే, ఆ తర్వాత మళ్లీ అడగదు.

జూమ్, టీమ్స్‌లో వీడియో సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఏ కెమెరా సెలెక్ట్ అయి ఉందో చూడాలి. ఎప్పుడో వేసిన ఓబీఎస్ లాంటి వర్చువల్ కెమెరా సెలెక్ట్ అయి ఉంటే అసలు కెమెరా ఉన్నా కనిపించదు. ముఖంతో లాగిన్ అయ్యే ల్యాప్‌టాప్‌లలో ఇన్‌ఫ్రారెడ్ కెమెరా విడిగా ఉంటుంది. లిస్ట్‌లో అదొక్కటే మిగిలి, మామూలు కెమెరా లేకుండా పోవడం కూడా జరుగుతుంది.

కాస్పర్‌స్కీ, బిట్‌డిఫెండర్, ఈసెట్ లాంటి యాంటీవైరస్‌లలో వెబ్‌క్యామ్ ప్రొటెక్షన్ ఉంటుంది. కొత్త యాప్ కెమెరా అడిగితే ఇవి అడ్డుకోగలవు. యాంటీవైరస్ మొత్తం తీసేయక్కర్లేదు.. ఆ యాప్‌ను అనుమతించిన లిస్ట్‌లో చేర్చితే చాలు.

ఆఫీసు ఇచ్చిన ల్యాప్‌టాప్ అయితే ఒక్క విషయం. ఈ స్విచ్‌లు బూడిద రంగులో ఉండి, సెట్టింగ్స్‌ను మీ సంస్థ చూసుకుంటోందన్న మెసేజ్ కనిపిస్తే, దాన్ని కంపెనీ ఐటీ వాళ్లే మార్చాలి. సొంత ప్రయోగాలు వద్దు.

స్టెప్ 4: డివైజ్ మేనేజర్‌లో అసలు నిజం

ఇప్పటిదాకా చేసినవాటితో రాకపోతే అసలు విచారణ ఇక్కడే. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైజ్ మేనేజర్ ఓపెన్ చేయండి. ‘కెమెరాస్’ అనే వరుస వెతకండి. కొన్నింట్లో ఇది ‘ఇమేజింగ్ డివైజెస్’ కింద ఉంటుంది. అక్కడ కనిపించేదాన్ని బట్టి దారి మారుతుంది.

– కెమెరా పేరు మీద కిందికి చూసే బాణం గుర్తు: ఎవరో డిజేబుల్ చేశారు. రైట్ క్లిక్ చేసి ‘ఎనేబుల్ డివైజ్’ కొడితే సరిపోతుంది. ప్రాపర్టీస్‌లో ఇది కోడ్ 22గా కనిపిస్తుంది. విండోస్ 11లో సెట్టింగ్స్, బ్లూటూత్ అండ్ డివైజెస్, కెమెరాస్‌లో కూడా ఆపేసిన కెమెరాల లిస్ట్ ఉంటుంది.
– పసుపు రంగు గుర్తు: కెమెరా ఉంది, డ్రైవర్‌తో గొడవ. కోడ్ 28 అంటే డ్రైవర్ లేదు. కోడ్ 10 అంటే కెమెరా స్టార్ట్ కాలేకపోతోంది. కోడ్ 43 అంటే సమస్య ఉందని కెమెరానే చెప్పడంతో విండోస్ దాన్ని ఆపేసింది.
– ‘అన్‌నోన్ యూఎస్‌బీ డివైజ్’ అన్న పేరు: ఇది యూఎస్‌బీ కంట్రోలర్ల వరుసలో కనిపిస్తుంది. బయట ఏమీ పెట్టకపోయినా ఇది వస్తోందంటే, కెమెరా తానెవరో సరిగా చెప్పలేకపోతున్నట్టు అనుమానించాలి. కేబుల్ లూజ్ అయినప్పుడు ఇలా జరగొచ్చు.
– ఏమీ లేదు: పైన ‘వ్యూ’ మెనూలో ‘షో హిడెన్ డివైజెస్’ కొట్టండి. కెమెరా పేరు మసకగా కనిపించి, ప్రాపర్టీస్‌లో కోడ్ 45 ఉంటే.. ఒకప్పుడు ఉండేది, ఇప్పుడు కనెక్ట్ అయి లేదని అర్థం. స్విచ్, బయోస్, కేబుల్.. ఈ మూడింటిలో ఒకటి కారణం కావొచ్చు.

ఏమీ లేనప్పుడు ‘యాక్షన్’ మెనూలో ‘స్కాన్ ఫర్ హార్డ్‌వేర్ ఛేంజెస్’ ఒకసారి కొట్టి చూడాలి.

స్టెప్ 5: డ్రైవర్ సరిచేయడం ఇలా

పసుపు గుర్తు ఉన్నవాళ్లు ముందుగా కెమెరా మీద రైట్ క్లిక్ చేసి ‘అన్‌ఇన్‌స్టాల్ డివైజ్’ కొట్టాలి. డ్రైవర్‌ను కూడా తీసేయమంటారా అని అడిగే బాక్స్‌లో మొదటిసారికి టిక్ పెట్టొద్దు. తర్వాత రీస్టార్ట్ చేస్తే విండోస్ కెమెరాను మళ్లీ గుర్తుపట్టి డ్రైవర్ వేసుకుంటుంది. చాలామందికి ఇక్కడితో పని అయిపోతుంది.

కాకపోతే ‘అప్‌డేట్ డ్రైవర్’ కొట్టి, ‘బ్రౌజ్ మై కంప్యూటర్’, ఆ తర్వాత ‘లెట్ మీ పిక్’ ఎంచుకుని, లిస్ట్‌లో ‘యూఎస్‌బీ వీడియో డివైజ్’ ఉంటే దాన్ని సెలెక్ట్ చేయాలి. కంపెనీ డ్రైవర్ పాడైనా విండోస్ సొంత డ్రైవర్‌తో కెమెరా నడుస్తుంది.

ఇక అప్‌డేట్ తర్వాతే సమస్య మొదలైతే ప్రాపర్టీస్‌లో డ్రైవర్ ట్యాబ్‌లోకి వెళ్లి ‘రోల్ బ్యాక్ డ్రైవర్’ కొట్టొచ్చు. ఆ బటన్ వెలగకపోతే వెనక్కి వెళ్లడానికి పాత డ్రైవర్ లేదని అర్థం. విండోస్ అప్‌డేట్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, ఆప్షనల్ అప్‌డేట్స్‌లో కెమెరా డ్రైవర్ ఎదురుచూస్తూ ఉండొచ్చు.. అది కూడా చూడండి.

బయటి నుంచి డ్రైవర్ కావాలంటే ల్యాప్‌టాప్ కంపెనీ అధికారిక వెబ్‌సైట్‌లో, అడుగున ఉండే సీరియల్ నంబర్ కొట్టి తీసుకోవాలి. ‘అన్ని డ్రైవర్లూ ఒక్క క్లిక్‌తో’ అంటూ యాడ్‌లలో వచ్చే సాఫ్ట్‌వేర్‌ల జోలికి వెళ్లొద్దు. వాటితో పాటు వైరస్, అక్కర్లేని ప్రోగ్రామ్‌లు వచ్చే ప్రమాదం ఉంది.

స్లీప్ తర్వాత మాత్రమే కెమెరా పోతుంటే డివైజ్ మేనేజర్‌లో ‘యూఎస్‌బీ రూట్ హబ్’ ప్రాపర్టీస్ ఓపెన్ చేసి, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో కరెంట్ పొదుపు కోసం డివైజ్‌ను ఆపేయొచ్చు అన్న టిక్ తీసేయండి. బ్యాటరీ కొద్దిగా ఎక్కువ ఖర్చవుతుంది.. కానీ కెమెరా నిద్రలోనే ఉండిపోయే సమస్య తగ్గుతుంది.

స్టెప్ 6: బయోస్‌లో ఆఫ్ అయిందా?

విండోస్ కన్నా ముందే నడిచే బయోస్‌లోనూ కెమెరాకు ఓ స్విచ్ ఉండొచ్చు. అక్కడ ఆఫ్ చేస్తే విండోస్‌లో ఏం చేసినా రాదు. ల్యాప్‌టాప్ ఆన్ అవుతుండగా డెల్, ఏసర్, అసుస్‌లలో ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10, లెనోవో థింక్‌ప్యాడ్‌లలో ఎఫ్1 వరుసగా నొక్కితే సాధారణంగా బయోస్ వస్తుంది. థింక్‌ప్యాడ్‌లలో సెక్యూరిటీ కింద ‘ఐ/ఓ పోర్ట్ యాక్సెస్’లో ‘ఇంటిగ్రేటెడ్ కెమెరా’ ఉంటుంది. మిగతా వాటిలో కెమెరా అన్న మాట ఎక్కడుందో వెతకాలి. ఎనేబుల్ చేసి, సేవ్ చేసి బయటకు రావాలి. మిగతా ఏ ఆప్షన్‌నూ ముట్టుకోవద్దు.

ఇక్కడ ఓ ముఖ్యమైన హెచ్చరిక. మీ ల్యాప్‌టాప్‌లో బిట్‌లాకర్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉంటే, బయోస్‌లో మార్పుల తర్వాత రికవరీ కీ అడిగే అవకాశం ఉంది. అది లేకపోతే ఫొటోలు, ఫైళ్లు అన్నీ లాక్ అయిపోతాయి. చాలా ల్యాప్‌టాప్‌లలో యూజర్‌కు తెలియకుండానే ఇది ఆన్‌లో ఉంటుంది. అందుకే ముందే ఫోన్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి లాగిన్ అయి 48 అంకెల రికవరీ కీ ఉందో లేదో చూసి రాసుకున్నాకే ఈ స్టెప్‌లోకి వెళ్లాలి.

హార్డ్‌వేరే పోయిందని ఎలా తెలుస్తుంది?

ఈ లక్షణాలు ఉంటే సాఫ్ట్‌వేర్‌తో కుస్తీ పట్టడం వృథా..

– మూత కొద్దిగా వంచితే కెమెరా వస్తోంది, నిటారుగా పెడితే పోతోంది. ఇది కీలు దగ్గర కేబుల్ నలిగిపోయిన గుర్తు.
– ల్యాప్‌టాప్ కింద పడ్డాక, లేదా కీలు విరిగాక కెమెరా పోయింది.
– స్క్రీన్ మార్పించిన రోజు నుంచే కెమెరా లేదు. కొత్త స్క్రీన్ బిగించేటప్పుడు కెమెరా కేబుల్ పెట్టడం మర్చిపోయి ఉండొచ్చు. అదే షాపుకు వెళ్లి అడగాలి.. మళ్లీ డబ్బులు కట్టాల్సిన పని కాదు.
– కెమెరాతో పాటు లోపలి మైక్ కూడా ఒకేసారి పోయింది. చాలా మోడళ్లలో ఈ రెండూ ఒకే కేబుల్‌తో వెళ్తాయి.

కాస్త అనుభవం ఉన్నవాళ్లకు ఇంకో పక్కా పరీక్ష ఉంది. ఉబుంటు లాంటి లినక్స్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి, ఇన్‌స్టాల్ చేయకుండా ‘ట్రై’ మోడ్‌లో ఆన్ చేయాలి. అక్కడ కెమెరా వస్తే తప్పు విండోస్‌ది. యూఎస్‌బీ కెమెరా అక్కడ కూడా కనిపించకపోతే హార్డ్‌వేర్‌దే అని దాదాపు తేలిపోయినట్టే. దీనికి కూడా బిట్‌లాకర్ కీ దగ్గర పెట్టుకోవడం తప్పనిసరి.

మ్యాక్‌బుక్ వాడేవాళ్లు..

మ్యాక్‌లో కెమెరాకు ఆన్, ఆఫ్ స్విచ్ విడిగా ఉండదు. యాప్ అడిగితే అదే ఆన్ అవుతుంది, పక్కన పచ్చ లైట్ వెలుగుతుంది. ముందు సిస్టమ్ సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, కెమెరాలో ఆ యాప్‌కు అనుమతి ఉందో చూడాలి. పిల్లల కోసం స్క్రీన్ టైమ్ పెట్టి ఉంటే అందులో కెమెరాను ఆపేశారేమో చూడాలి. అన్ని యాప్‌లు క్లోజ్ చేసి ఫేస్‌టైమ్‌లో ట్రై చేసి, ఆ తర్వాత రీస్టార్ట్ చేయాలి.

ఆప్షన్ కీ పట్టుకుని యాపిల్ మెనూ ఓపెన్ చేస్తే సిస్టమ్ ఇన్ఫర్మేషన్ వస్తుంది. అందులో ‘కెమెరా’ వరుసలో పేరే లేకపోతే సర్వీస్ సెంటర్ దారి పట్టాల్సిందే.

కెమెరా మీద ప్లాస్టిక్ మూతలు అంటించే అలవాటు ఉన్నవాళ్లు జాగ్రత్త. మ్యాక్‌బుక్ మూతకు, కీబోర్డ్‌కు మధ్య ఖాళీ చాలా తక్కువ. మూత అంటించి ఉండగా మూసేస్తే డిస్‌ప్లే పగిలే ప్రమాదం ఉందని యాపిల్ 2020లోనే హెచ్చరించింది.

టైమ్ లేదు.. కాల్ ఇప్పుడే ఉంది.. ఏం చేయాలి?

రిపేర్ తర్వాత చూసుకోవచ్చు.. ముందు పని గడవాలి అనుకునేవాళ్లకు ఈ దారులు ఉన్నాయి.

ఒకటి.. మీటింగ్‌లో ఫోన్ నుంచి జాయిన్ అవ్వడం. ఒకే లింక్‌తో ల్యాప్‌టాప్‌లో స్క్రీన్, ఫోన్‌లో వీడియో పెట్టుకోవచ్చు. అయితే ఆడియో మాత్రం రెండింట్లో ఒక్కదానికే ఉంచాలి. లేదంటే గొంతు రెండుసార్లు తిరిగి వినిపించి చెవులు చిల్లులు పడతాయి.

రెండు.. ఫోన్‌నే వెబ్‌క్యామ్‌గా మార్చడం. విండోస్ 11లో ‘మొబైల్ డివైజెస్’ సెట్టింగ్ ద్వారా ఆండ్రాయిడ్ ఫోన్‌ను కెమెరాగా కలుపుకోవచ్చు. ఫోన్‌లో ‘లింక్ టు విండోస్’ యాప్ ఉండాలి. ఆండ్రాయిడ్ 14, ఆపై వెర్షన్లున్న పిక్సెల్ లాంటి కొన్ని ఫోన్‌లలో కేబుల్ పెట్టగానే యూఎస్‌బీ ఆప్షన్లలో ‘వెబ్‌క్యామ్’ అని కనిపిస్తుంది. మ్యాక్ వాళ్లకైతే మ్యాక్‌ఓఎస్ వెంచురా, ఐఓఎస్ 16 నుంచి కంటిన్యుటీ కెమెరా ఉంది. ఐఫోన్ ఎక్స్‌ఆర్, ఆ తర్వాత వచ్చిన మోడళ్లకు ఇది పనిచేస్తుంది.

మూడు.. బయట పెట్టే యూఎస్‌బీ వెబ్‌క్యామ్. పెట్టగానే పనిచేస్తుంది, డ్రైవర్ గొడవ ఉండదు. లోపలి కెమెరా రిపేర్‌కు స్క్రీన్ మొత్తం విప్పాల్సి వస్తుంది కాబట్టి, పాత ల్యాప్‌టాప్‌కు ఇదే తక్కువ ఖర్చుతో అయిపోయే మార్గం.

పరీక్ష రాసేవాళ్లు మాత్రం ఫోన్ కెమెరా మీద ఆధారపడొద్దు. నిఘా సాఫ్ట్‌వేర్‌తో జరిగే పరీక్షల్లో ఫోన్ దగ్గర పెట్టుకోవడమే నిబంధనలకు విరుద్ధం కావొచ్చు. ఇంటి నుంచి రాసే జీఆర్ఈకి కూడా ల్యాప్‌టాప్ లోపలి కెమెరా గానీ, విడి వెబ్‌క్యామ్ గానీ ఉండాలి.. గది మొత్తం తిప్పి చూపించాలి. కాబట్టి పరీక్షకు రెండు, మూడు రోజుల ముందే సిస్టమ్ చెక్ చేసుకుని, ఓ విడి వెబ్‌క్యామ్ సిద్ధంగా పెట్టుకోవడం మంచిది.

‘కస్టమర్ కేర్’ నంబర్ల వలలో పడొద్దు

కెమెరా పోయిందన్న కంగారులో గూగుల్‌లో కంపెనీ కస్టమర్ కేర్ నంబర్ వెతికి, కనిపించిన మొదటి నంబర్‌కు ఫోన్ చేసేవాళ్లు చాలామందే ఉన్నారు. సైబర్ మోసగాళ్లు ఎదురుచూసేది సరిగ్గా దీనికోసమే. ‘మీ సిస్టమ్‌లో వైరస్ ఉంది, రిమోట్‌గా సరిచేస్తాం’ అంటూ స్క్రీన్ షేరింగ్ యాప్ వేయించి, ఆ తర్వాత చిన్న ఫీజు పేరుతో బ్యాంక్ యాప్ ఓపెన్ చేయిస్తారు. క్షణాల్లో ఖాతా ఖాళీ.

కంపెనీ నంబర్ కావాలంటే బిల్లు మీదో, వారంటీ కార్డు మీదో, అధికారిక వెబ్‌సైట్‌లోనో చూడాలి. ఫోన్ చేసి ఓటీపీ, యూపీఐ పిన్ అడిగారంటే వాళ్లు కంపెనీ వాళ్లు కానే కాదు. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930 నంబర్‌కు ఫోన్ చేయాలి. ఎంత తొందరగా ఫిర్యాదు చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

సర్వీస్ సెంటర్‌కు వెళ్లేటప్పుడు..

– వారంటీ ఉందో లేదో సీరియల్ నంబర్‌తో ముందే చూసుకోండి. వారంటీలో ఉన్నప్పుడు బయట షాపులో విప్పిస్తే ఆ తర్వాత కంపెనీతో పేచీ వస్తుంది.
– ముఖ్యమైన ఫైళ్లు బ్యాకప్ తీసుకోండి. కెమెరా మార్చడానికి హార్డ్‌డిస్క్ ఫార్మాట్ చేయాల్సిన అవసరం లేదు. ‘ఫార్మాట్ చేస్తే వస్తుంది’ అని ఎవరైనా అంటే, ఈ టెస్టులన్నీ చేశారా అని అడగండి.
– డివైజ్ మేనేజర్‌లో కనిపించిన కోడ్‌ను ఫొటో తీసి చూపించండి. పని తొందరగా తేలుతుంది.
– కేబుల్ పోయిందా, కెమెరా పోయిందా అన్నది విడిగా చెప్పమనండి. కేబుల్ లూజ్ అయినదానికి మొత్తం స్క్రీన్ మార్చాలని ఒప్పుకోవద్దు.
– వారంటీ ఉన్నా చేయనంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయొచ్చు.

ఒక్క చూపులో..

ముందు స్విచ్, బటన్. తర్వాత రీస్టార్ట్, పవర్ డ్రెయిన్. ఆపై పర్మిషన్లు. అప్పటికీ రాకపోతే డివైజ్ మేనేజర్. అక్కడ కెమెరా పేరు ఉంటే డ్రైవర్ సరిచేయాలి.. పేరే లేకపోతే బయోస్ చూడాలి. అక్కడా ఆన్‌లోనే ఉంటే కేబుల్ లేదా కెమెరా పోయినట్టు భావించి సర్వీస్ సెంటర్‌కు వెళ్లాలి. ఈ వరుస తప్పకుండా వెళ్తే అనవసరంగా ఫార్మాట్ కొట్టే బాధ, డబ్బు దండగ రెండూ తప్పుతాయి.